బయటి నుంచి వెళ్ళిన ముజాహిదీన్లు ఆ యుద్ధాలను గెలిపించారా?

నెల్లూరులో పోటీ పరీక్షలకు చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. అఫ్ఘనిస్తాన్, బోస్నియా, చెచెన్యా, ఇరాక్, సిరియా... ఇన్ని చోట్ల వేరే దేశాల ముస్లిం యువకులు వెళ్ళి పోరాడారు కదా, ఆ తిరుగుబాట్లను నిజంగా నడిపింది వాళ్ళేనా? మన దేశం నుంచి అంత తక్కువ మంది ఎందుకు వెళ్ళారు? వెళ్ళి తిరిగివచ్చినవారిని ఏం చేస్తారు?

మొదటి ప్రశ్నకు నా సమాధానం: కాదు. సిరియా, ఇరాక్‌లలో ఐసిస్ (ఇస్లామిక్ స్టేట్ అనే ఉగ్రవాద సంస్థ) ఒక్కటే దీనికి పెద్ద మినహాయింపు. మిగతా చోట్ల బయటివాళ్ళు పిడికెడుమందే. యుద్ధం చేసిందీ, చచ్చిందీ, చివరికి సంధికి కూర్చున్నదీ స్థానికులు. అయితే ఆ పిడికెడుమంది వల్ల ఒక పెద్ద మార్పు జరిగింది. యుద్ధం దేని కోసం మొదలైందో దాన్నే మార్చేశారు. నేల కోసం, స్వయంపాలన కోసం మొదలైన పోరు వాళ్ళు వచ్చాక ఎక్కడా ముగింపు లేని మతయుద్ధంగా మారింది. అలా మార్చినందుకే చాలా చోట్ల స్థానికులు వాళ్ళ మీద తిరగబడ్డారు కూడా.

నేనెవరినో చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మాది గిద్దలూరు వైపు. ఆ పక్క ఊళ్ళ నుంచి సైన్యానికి వెళ్ళడం కొత్తేమీ కాదు. సిగ్నల్స్‌లో పనిచేశాను, 1990ల మధ్యలో కశ్మీర్ లోయలో ఉన్నాను. అవతలివాళ్ళ వైర్‌లెస్ మాటలు వినడం నా పని. పదవీ విరమణ తర్వాత ఒంగోలులో స్థిరపడి, ఈ విషయం మీద దొరికినదంతా చదువుతూ, పిలిచిన కాలేజీల్లో మాట్లాడుతున్నాను.

సెట్టు మీద తేడా తొందరగానే తెలిసేది. స్థానిక కుర్రవాళ్ళు కశ్మీరీలో మాట్లాడుకునేవారు. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ ఉర్దూలో పంజాబీ యాస దొర్లేది. పష్తో వినిపిస్తే మాకు అనువాదకుడు కావలసి వచ్చేది. లోయలో వాళ్ళను 'మెహమాన్ ముజాహిద్', అంటే అతిథి యోధుడు అనేవారు. పోరాటంలో వాళ్ళు గట్టివాళ్ళే, లొంగిపోవడం అరుదు. కానీ దారి చూపడానికీ, రొట్టె పెట్టడానికీ, ఏ ఇంట్లో తలదాచుకోవాలో చెప్పడానికీ స్థానికుడు ఉండాల్సిందే. ఆ స్థానికుడు దూరమైన రోజున ఎంత ధైర్యవంతుడైనా అడవిలో దారి తప్పిన మనిషే. సైన్యానికి సమాచారం అందేది కూడా ఎక్కువగా అలా దూరమైన స్థానికుల నుంచే.

ఇక్కడే ఒక మెలిక ఉంది, పరీక్షలో జాగ్రత్తగా రాయండి. పరిశోధకులు 'విదేశీ పోరాటయోధుడు' అన్నప్పుడు జీతం కోసం రానివాడు, ఏ ప్రభుత్వ సైన్యంలోనూ లేనివాడు, ఆ దేశపు పౌరుడు కానివాడు అని అర్థం చెబుతారు. ఆ లెక్కన కశ్మీర్‌లోకి వచ్చినవారిలో చాలామంది సరిగ్గా సరిపోరు, ఎందుకంటే వాళ్ళ వెనుక ఒక ప్రభుత్వ యంత్రాంగం ఉంది. సిరియాలో అప్పటి అధ్యక్షుడు అసద్ తరఫున పోరాడటానికి ఇరాన్ కూడగట్టిన అఫ్ఘన్ షియాల ఫాతిమియూన్ దళమూ అంతే. అది జీతం మీద నడిచింది. నార్వే పరిశోధకుడు థామస్ హెగ్‌హామర్ 1945 నుంచి 2009 వరకు ముస్లిం ప్రపంచంలో జరిగిన 70 సాయుధ ఘర్షణలను పరిశీలిస్తే, ఈ నిర్వచనానికి సరిపడే విదేశీయులు కనిపించినవి 18 మాత్రమే. ఇస్లాం పుట్టినప్పటి నుంచి ఉన్న ఆచారంలా కొందరు మాట్లాడుతుంటారు. కానీ ఆ 18లో దాదాపు అన్నీ 1980 తర్వాతివే.

1980 దగ్గర ఏం మారింది? సోవియట్ సైన్యం 1979 డిసెంబరులో అఫ్ఘనిస్తాన్‌లోకి దిగింది. పాలస్తీనాకు చెందిన అబ్దుల్లా అజ్జామ్ అనే మతపండితుడు 1984లో పెషావర్‌లో మక్తబ్ అల్ ఖిదమాత్ అనే సేవా కార్యాలయం తెరిచాడు. ఒసామా బిన్ లాడెన్ దానికి డబ్బు పెట్టాడు. అజ్జామ్ తెచ్చిన కొత్త వాదం ఏమిటంటే, ఆక్రమణకు గురైన ముస్లిం నేలను కాపాడటం ప్రపంచంలోని ప్రతి ముస్లిం వ్యక్తిగత విధి. కాబట్టి కొడుకు తండ్రి అనుమతి లేకుండా, అప్పు ఉన్నవాడు అప్పిచ్చినవాడి అనుమతి లేకుండా వెళ్ళవచ్చు. సంప్రదాయ పండితులలో ఎక్కువమంది దీన్ని ఒప్పుకోలేదు. ముందు ఆ నేల మీద ఉన్నవాళ్ళ బాధ్యత, చాలకపోతే పొరుగువాళ్ళది, తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అన్నది వాళ్ళ మాట. అజ్జామ్ 1989 నవంబరులో పెషావర్‌లో బాంబు పేలుడులో చనిపోయాడు. అతని వాదం మాత్రం బతికింది.

మరి అలా వచ్చిన అరబ్బులు సోవియట్లను ఓడించారా? లేదు. అఫ్ఘన్ పోరాటయోధులు లక్షకు మించి ఉంటే, ఏ ఒక్క సమయంలోనైనా యుద్ధరంగంలో ఉన్న అరబ్బులు రెండు మూడు వేలు దాటలేదన్నది సాధారణ అంచనా. వచ్చినవారిలో చాలామంది పెషావర్‌లోనే ఆసుపత్రుల్లో, శరణార్థి శిబిరాల్లో, పత్రికల్లో పనిచేసి వెళ్ళిపోయారు. గెలుపుకు కారణాలు వేరు: అఫ్ఘన్ పల్లెల మొండితనం, అమెరికా, సౌదీ డబ్బు, పాకిస్తాన్ ఐఎస్ఐ నడిపిన సరఫరా, 1986 నుంచి వచ్చిన, విమానాలను కూల్చే స్టింగర్ క్షిపణులు. 1987లో జాజీ దగ్గర బిన్ లాడెన్ మనుషులు చేసిన పోరు సైనికంగా చిన్నది, ప్రచారంలో కొండంత అయింది. 1989 మార్చిలో జలాలాబాద్ ముట్టడి విఫలమైంది, అరబ్బులు చాలామంది పోయారు. దాని గురించి ఆ ప్రచారకులు అంతగా మాట్లాడరు!

బోస్నియా గురించి క్లుప్తంగా. 1992లో వచ్చినవాళ్ళను 1993 ఆగస్టులో ఎల్ ముజాహిద్ అనే దళంగా బోస్నియా సైన్యంలో చేర్చుకున్నారు. యుద్ధాన్ని ముగించిన 1995 డేటన్ ఒప్పందం విదేశీ దళాలన్నీ 30 రోజుల్లో వెళ్ళిపోవాలంది. స్థానిక అమ్మాయిలను పెళ్ళాడి ఉండిపోయినవారు కొందరు, వారిలో కొందరి పౌరసత్వాన్ని తర్వాత రద్దు చేశారు. ఫలితాన్ని వాళ్ళు మార్చలేదు.

చెచెన్యా దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది అక్కడే బాగా కనబడుతుంది. మొదటి యుద్ధం (1994–96) రష్యా నుంచి విడిపోవడానికి జరిగింది. సౌదీకి చెందిన ఖత్తాబ్ 1995లో అక్కడికి చేరాడు. 1996 ఏప్రిల్‌లో రష్యన్ సైనిక వాహనశ్రేణి మీద చేసిన మెరుపుదాడిని వీడియో తీయించి గల్ఫ్ దేశాలకు పంపాడు. విరాళాలు వచ్చాయి, మనుషులు వచ్చారు. చెచెన్లు ఆ యుద్ధం గెలిచి వాస్తవంగా స్వతంత్రులయ్యారు. అక్కడితో ఆగి ఉండవచ్చు. కానీ 1999 ఆగస్టులో ఖత్తాబ్, చెచెన్ నాయకుడు బసయేవ్ కలిసి పొరుగున ఉన్న దాగెస్తాన్ మీదికి వెళ్ళారు. రెండో యుద్ధం వచ్చిపడింది, గెలిచినదంతా పోయింది. ఖత్తాబ్ 2002లో విషం పూసిన ఉత్తరంతో చనిపోయాడు.

ఈ కథలో నేను విద్యార్థులకు ఎప్పుడూ చూపించే మనిషి ఖత్తాబ్ కాదు, అఖ్మద్ కదిరోవ్. మొదటి యుద్ధంలో రష్యా మీద పోరాటాన్ని సమర్థించిన చెచెన్యా ముఫ్తీ, అంటే అక్కడి ప్రధాన మతపెద్ద ఆయన. 1999లో మాస్కో పక్షానికి వెళ్ళిపోయాడు. అధికార కాంక్ష కూడా ఉందనుకోండి. కానీ ఆయన బహిరంగంగా చెప్పిన కారణం, బయటి నుంచి వచ్చిన వహాబీలు (సౌదీలో పుట్టిన కఠిన మతధోరణివాళ్ళు) తమ ఇస్లాంను ఇస్లామే కాదంటున్నారని. చెచెన్లది సూఫీ సంప్రదాయం. గురువులుంటారు, సమాధుల దగ్గరికి యాత్రలుంటాయి. వచ్చినవాళ్ళకు అదంతా బహుదైవారాధన.

నెల్లూరువారికి దీన్ని వేరే చెప్పక్కరలేదు. స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో రొట్టెల పండుగకు ఎవరెవరు వస్తారో మీకు తెలుసు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అని చేతులు మారుతుంటాయి. ఇచ్చేవాడి మతం, తీసుకునేవాడి మతం ఎవరూ అడగరు. ఆ పన్నెండుమంది అమరుల సమాధుల దగ్గర తలవంచడం మహాపాపమని, ముందు దాన్ని పడగొట్టి తర్వాత మిగతా శత్రువుల సంగతి చూద్దామని, తుపాకి పట్టుకుని వచ్చిన పరదేశి ఒకడు చెబితే ఇక్కడి ముస్లింలు ఏమంటారో ఊహించుకోండి. విదేశీ మిలిటెంట్లకూ స్థానికులకూ మధ్య మొదటి చీలిక చాలాసార్లు సమాధుల దగ్గరే వచ్చింది. సోమాలియాలో అల్ షబాబ్ అనే మిలిటెంట్ సంస్థ 2008లో సూఫీ సమాధులను ధ్వంసం చేయడం మొదలుపెట్టాక, అప్పటిదాకా తుపాకి ముట్టని అహ్లూ సున్నా వల్ జమా అనే సూఫీల కూటమి ఆయుధం పట్టి అల్ షబాబ్‌తో పోరాడింది. మాలీలో 2012లో టింబక్టూ సమాధులను పడగొట్టారు. అయితే ఆ నేరానికి 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు తొమ్మిదేళ్ళ శిక్ష వేసిన మనిషి మాలీ దేశస్థుడే. అంటే ఆలోచన బయటినుంచి వచ్చినా, దాన్ని భుజాన వేసుకునే స్థానికులూ ఉంటారు. అన్నీ పరదేశీల మీదికి నెట్టేయడం కూడా సరికాదు.

కశ్మీర్‌లో 1995 మేలో చరారే షరీఫ్ కాలిపోయింది. నంద్ రిషిగా హిందువులు కూడా కొలిచే షేక్ నూరుద్దీన్ దర్గా అది. పాకిస్తాన్ నుంచి వచ్చిన మస్త్ గుల్ మనుషులు ఊళ్ళో తిష్ఠ వేశారు, సైన్యం చుట్టుముట్టింది, దర్గాతో పాటు ఊరు తగలబడింది. నిప్పు పెట్టింది మీరంటే మీరని రెండు వైపులా నిందించుకున్నాయి. మస్త్ గుల్ తప్పించుకుని పాకిస్తాన్‌లో వీరుడిగా ఊరేగాడు. దర్గా పోయింది లోయ జనానికి. వాళ్ళ కోపం మా మీద ఉంది, అతని మీదా ఉంది.

స్థానికుడు రాజీపడగలడు, వచ్చినవాడు రాజీపడలేడు. ఎందుకో ఇలా చూడండి. కాలువ నీటి దగ్గర రెండు ఊళ్ళకు తగాదా వస్తే, తలలు పగిలినా సరే, నాట్ల వేళకు ఎలాగోలా వంతులు కుదుర్చుకుంటారు. ఇద్దరికీ పొలాలున్నాయి, పిల్లలున్నారు. పొలం లేని మూడో ఊరివాడు కర్ర పట్టుకుని ఒక పక్షాన చేరితే వంతులు అతనికి అక్కరలేదు. తగాదా ఉన్నంతసేపే అతనికి అక్కడ పని. ఇరాక్‌లో అన్బార్ తెగలు 2006–07లో అమెరికన్లతో చేతులు కలిపి అల్ ఖైదాను తరిమాయి. అమెరికా మీద ప్రేమతో కాదు. తమ అక్రమ రవాణా దారులు లాక్కుని, తమ షేక్‌లను చంపి, తమ ఆడపిల్లలతో పెళ్ళిళ్ళకు ఒత్తిడి తెచ్చినవాళ్ళను భరించలేక. 2007 వసంతంలో పాకిస్తాన్‌లో దక్షిణ వజీరిస్తాన్‌లోని వానా దగ్గర ముల్లా నజీర్ నాయకత్వంలో వజీర్ తెగవాళ్ళు ఉజ్బెక్ మిలిటెంట్లను తరిమికొట్టారు. ఆ ముల్లా నజీర్ తాలిబన్ కమాండరే! సోమాలియాలో ఇంకా విచిత్రం. అమెరికాలోని అలబామా నుంచి వెళ్ళి అల్ షబాబ్ ప్రచార ముఖంగా ఎదిగిన ఒమర్ హమ్మామీ, 2012లో తన నాయకుల నుంచే తనకు ప్రాణభయం ఉందని వీడియో పెట్టాడు. 2013 సెప్టెంబరులో వాళ్ళే చంపారు.

బయటివాళ్ళ వల్ల యుద్ధరంగంలో తేడానే రాలేదా అంటే, ఒకటి రెండు చోట్ల వచ్చింది. ఆత్మాహుతి దాడులు వాటిలో మొదటివి. 2007లో ఇరాక్‌లోని సింజార్ దగ్గర అల్ ఖైదా నమోదు పత్రాలు దొరికాయి. దేశం రాసి ఉన్న 595 మందిలో సౌదీలు 244 మంది, లిబియన్లు 112 మంది. ఏ పని కోసం వచ్చారో రాసినవారిలో సగానికి పైగా ఆత్మాహుతికే. భాష రాదు, దారులు తెలియవు, చుట్టాలు లేరు. అలాంటివాణ్ణి కమాండర్ ఎందుకు వాడతాడో వేరే చెప్పాలా? ఆ పత్రాల్లో నన్ను ఆపేసిన సంగతి మరొకటి. లిబియాలో దెర్నా అనే ఒక చిన్న పట్టణం నుంచే 52 మంది. రియాద్ మహానగరం నుంచి వచ్చినవారు 51. పేదరికమో, మతభక్తో కారణమైతే మనుషులు దేశమంతటా చెదురుగా రావాలి. ఒకే వీధి నుంచి, ఒకే స్నేహబృందం నుంచి రావడమే దీని లక్షణం. ఒకడు వెళ్ళి ఫోను చేస్తే మిగిలినవాళ్ళు వెళతారు. వృత్తి రాసినవారిలో అందరికంటే ఎక్కువ విద్యార్థులు. ఐసిస్ చేర్చుకునేటప్పుడు నింపించిన పత్రాలు 2016లో బయటపడినప్పుడు, మతజ్ఞానం ఎంత అన్న గడిలో అత్యధికులకు 'ప్రాథమికం' అని ఉంది.

ఇక ఆ మినహాయింపు. 2014 జూన్ 29న ఐసిస్ ఖిలాఫత్ (ఖలీఫా పాలించే రాజ్యం) ప్రకటించింది. 2015 చివరికి సిరియా, ఇరాక్‌లకు 27,000 నుంచి 31,000 మంది, కనీసం 86 దేశాల నుంచి వెళ్ళారని సూఫాన్ గ్రూప్ అనే పరిశోధన సంస్థ అంచనా వేసింది. ఒక్క ట్యునీషియా నుంచే దాదాపు 6,000. టర్కీ సరిహద్దు తెరిచి ఉండటం, విమానం దిగి బస్సెక్కితే చేరిపోగలగడం ప్రధాన కారణం. పైగా పిలుపు యుద్ధానికి మాత్రమే పరిమితం కాలేదు. ఇల్లు, పెళ్ళి, ఉద్యోగం ఉన్న రాజ్యానికి రమ్మన్నారు. ఆడవాళ్ళూ పిల్లలతో సహా వెళ్ళారు. ఆ రాజ్యానికి వైద్యులు చాలక లిబియాలో బందీగా పట్టుకున్న తెలుగు డాక్టరు ఒకాయనతో బలవంతంగా ఆసుపత్రిలో పని చేయించుకున్నారు. ఆయన 2017 ఫిబ్రవరిలో విడుదలై వచ్చి చెప్పిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. మోసుల్‌లో పట్టుబడిన 39 మంది భారతీయ కూలీలకు ఆ అదృష్టం దక్కలేదు.

మీ రెండో ప్రశ్న. 2011 జనగణన ప్రకారం మన దేశంలో ముస్లింలు 17 కోట్ల పైచిలుకు. ఐసిస్ దగ్గరికి చేరినవారు వంద అటూ ఇటూ. 2014లో ముంబయి పక్కన కల్యాణ్ నుంచి నలుగురు స్నేహితులు యాత్రికులతో కలిసి ఇరాక్ వెళ్ళి మాయమయ్యారు. 2016లో కేరళలోని కాసరగోడ్, పాలక్కాడ్‌ల నుంచి 21 మంది, కుటుంబాలతో, అఫ్ఘనిస్తాన్‌లోని నంగర్‌హార్ చేరారు. చూశారా, ఇక్కడా అదే స్నేహబృందం, అదే బంధుత్వం.

ఇంత తక్కువ ఎందుకంటే 'మన సంస్కృతి గొప్పది' అని చేతులు దులుపుకునే సమాధానం నాకు నచ్చదు. పిలుచుకువెళ్ళే పాత గొలుసు మనకు లేదు. 1980లలో అరబ్ దేశాలు అఫ్ఘన్ యుద్ధానికి వెళ్ళడాన్ని ప్రోత్సహించాయి, సౌదీ అయితే విమాన టికెట్లలో రాయితీ కూడా ఇచ్చింది. భారత ప్రభుత్వం ఆనాటి కాబూల్ ప్రభుత్వానికి మిత్రుడు. కాబట్టి వెళ్ళివచ్చి తర్వాతి తరాన్ని పంపే 'అఫ్ఘన్ అనుభవజ్ఞులు' ఇక్కడ తయారవలేదు. నెల్లూరులో నాకు తెలిసిన ఒక పెద్దాయన ఆ రోజుల్లో కువైట్‌లో డ్రైవరు. మసీదుల్లో అఫ్ఘన్ల కోసం హుండీలు ఉండేవని, తాను కూడా అప్పుడప్పుడు చిల్లర వేశానని చెప్పారు. 'మీ గదిలో ఎవరికైనా వెళ్ళాలనిపించిందా' అని అడిగితే నవ్వేశారు. "ఏజెంటు అప్పు తీరలేదు, చెల్లెలి పెళ్ళి కాలేదు, ఎక్కడికి వెళ్ళమంటారు సార్?" అప్పిచ్చినవాడి అనుమతి అక్కరలేదన్న అజ్జామ్ మాట ఆ గదిదాకా వచ్చి ఉంటే ఎలా ఉండేదో! ఇక మత పెద్దల సంగతి. 2015లో వెయ్యిమందికి పైగా భారతీయ ఉలేమా ఐసిస్‌కు వ్యతిరేకంగా ఫత్వా మీద సంతకాలు చేశారు. ఇక్కడి ముస్లింలకు కోపాలు, ఫిర్యాదులు లేవని కాదు. వాటిని చెప్పుకోవడానికి పార్టీలు, కోర్టులు, వీధులు ఉన్నాయి.

ఒక్కసారి మాత్రం మనవాళ్ళు పెద్ద సంఖ్యలో కదిలారు. 1920లో ఖిలాఫత్ ఉద్యమ వేడిలో, బ్రిటిష్ పాలనలో ఉండటం కంటే వలసే మేలని వేలమంది ఇళ్ళు, పొలాలు అమ్ముకుని ఖైబర్ దాటి అఫ్ఘనిస్తాన్ వెళ్ళారు. తక్కువ అంచనా వేసినా 18,000 మంది. మొదట ఆహ్వానించిన అమీర్ అమానుల్లా ఆగస్టుకల్లా సరిహద్దు మూసేశాడు. తిరుగుదారిలో చాలామంది చనిపోయారు. టర్కీ వెళ్ళి పోరాడదామని ఉత్తరానికి నడిచిన కొద్దిమంది తుర్క్‌మెన్ తిరుగుబాటుదారుల చేతికి చిక్కి, తప్పించుకుని, కెర్కీ కోటలో ఎర్రసైన్యం పక్షాన పోరాడారు. వారిలో కొందరు తాష్కెంట్ చేరి భారత కమ్యూనిస్టు ఉద్యమంలో తొలితరం అయ్యారు. ఖలీఫా కోసం బయల్దేరి లెనిన్ దగ్గర తేలారన్నమాట.

మూడోది, తిరిగివచ్చినవారు. మన చట్టం సూటిగా ఉంది. ఐసిస్ యుఏపీఏ అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద నిషేధిత సంస్థ, చేరడమే నేరం. భారత్‌తో శాంతి సంబంధాలున్న విదేశం మీద యుద్ధం చేయడం పాత ఐపీసీ 125 (అది ఆసియా దేశాలకే పరిమితం), ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 153. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2014 సెప్టెంబరులో చేసిన 2178వ తీర్మానం ప్రకారం ఇలాంటి ప్రయాణాలను నేరంగా పరిగణించడం ప్రతి సభ్యదేశం బాధ్యత. ఈ నంబర్లు పరీక్షలో మార్కులు తెస్తాయి, రాసుకోండి.

ఆచరణలో ఇంత సులభం కాదు. 1992 తర్వాత అల్జీరియా, ఈజిప్టు లాంటి దేశాలు అఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళను జైళ్ళలో వేశాయి. ఆ తలుపులు మూసుకుపోయినవాళ్ళే సూడాన్‌కు, బోస్నియాకు, చెచెన్యాకు వెళ్ళి యుద్ధాన్నే వృత్తిగా చేసుకున్నారు. అలాగని తలుపులు బార్లా తెరవమని నేను అనను. హెగ్‌హామర్ లెక్కలో, 1990 నుంచి 2010 వరకు పాశ్చాత్య దేశాల నుంచి వెళ్ళినవారిలో తిరిగివచ్చి సొంత దేశంలో దాడికి పూనుకున్నవారు తొమ్మిదిమందిలో ఒకరికి మించరు. కానీ ఆ ఒక్కడు ఉన్న కుట్ర, ఎక్కడికీ వెళ్ళని కుర్రవాళ్ళు చేసే కుట్రకంటే ఎక్కువ ప్రాణాలు తీస్తుంది. ఎవరు ఆ ఒక్కడో ముందుగా తెలిసే పరీక్ష లేదు. అందుకే విచారణ, శిక్ష, ఆ తర్వాత ఏళ్ళ తరబడి గమనింపు, కుటుంబాన్ని తోడు చేసుకోవడం, ఇవన్నీ కలిసి నడవాలంటాను. పిల్లలను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. 2019 మార్చిలో ఐసిస్ చేతిలో మిగిలిన చివరి ఊరు బాఘూజ్ పడిపోయాక సిరియాలోని అల్ హోల్ శిబిరంలో చేరినవారు 70,000 పైనే, ఎక్కువమంది పిల్లలూ ఆడవాళ్ళూ. వాళ్ళను తీసుకువెళ్ళడానికి చాలా దేశాలు ఏళ్ళు గడిపేశాయి.